ఎనిమిది నిమిషాల పాఠం

మా అవ్వ వరదమ్మ కుడిచెవిలో గంగమ్మ తల్లి కూర్చుని ఉంటుందని ఊటకుంటపల్లె బడిపిల్లలంతా నమ్మేవాళ్లు. నేను నమ్మలేదు. శనివారం తలంటుకు ముందు ఆమె చెవుల్లో నూనె చుక్కలు వేసేది నేనే. లోపల గంగమ్మ లేదు, కాస్త గులిమి ఉండేది. అయినా ఆ చెవులు చేసే పని చూస్తే పిల్లలు అనుకున్నదే నిజమేమో అనిపించేది.

ఊటకుంటపల్లె పలమనేరు అవతల, బస్సు దిగి నాలుగు మైళ్లు నడవాల్సిన ఊరు. దారిలో రెండు వంకలు, అంటే వాగులు. బడికి ఒకటే గది, ఒక వరండా. ఐదు తరగతులు, నలభై ఆరుగురు పిల్లలు, ఒకే టీచరు. ఆ టీచరు మా నాయన తల్లి. ఊరంతా ఆమెను అయివారమ్మ అని పిలిచేది. ఆమె రాకముందు ఆ బడి మూడేళ్లు మూతపడి ఉందట. వచ్చిన అయివార్లు వచ్చినట్టే వంక దాటి వెళ్లిపోయారట. ఆ మూడేళ్లూ గదిలో ఊరి పెద్ద మునిరామయ్య మేకలు కాపురం చేశాయి. "మీకంటే ముందు ఈ బడిలో సదివింది మా మేకలేరా. అవి ఒక్కటి గూడా ఫెయిలు కాలేదు" అని మమ్మల్ని ఏడిపించేవాడు.

ఆ గదిలో ఒకటో తరగతి వాకిలి పక్కన కూర్చునేది. రెండో తరగతి ఉత్తరపు గోడ వైపు తిరిగి, మూడు, నాలుగు వీపులు ఆనించుకుని, ఐదో తరగతి వరండాలో. నల్లబల్ల ఒకటే. దాన్ని అవ్వ సుద్దగీతలతో మూడు భాగాలు చేసేది. గడియారం లేదు. రెండో తరగతి పిల్లలు రెండో ఎక్కం నుంచి పదో ఎక్కం దాకా ఒకసారి గొంతెత్తి చెబితే ఎనిమిది నిమిషాలు పడుతుంది. అదే అవ్వ గడియారం. ఆ ఎనిమిది నిమిషాల్లో ఒక తరగతికి పాఠం చెప్పి, పని అప్పగించి, ఇంకో తరగతి వైపు తిరిగేది. రెండో తరగతికే పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు గడియారం మూడో తరగతికి మారేది. ఇరవై నాలుగేళ్లుగా అదే తిరుగుడు.

నాలుగో తరగతికి నదుల పేర్లు చెబుతూ ఉంటుంది. వెనకాల పద్నాలుగు గొంతులు ఎక్కాలు అరుస్తూ ఉంటాయి. తల తిప్పకుండానే, "కుప్పుస్వామీ, ఆరెనిమిదులు నలభై ఆరు గాదురా, నలభై ఎనిమిది. ఆ రెండూ యాడ పెట్టినావు, జేబులోనా?" అనేది. వాడు నిజంగానే జేబు తడుముకునేవాడు.

అంతకన్నా వింత బలపం చప్పుడు. ఒకటో తరగతి పిల్లవాడు అక్షరం దిద్దుతున్నాడో, బొమ్మ వేస్తున్నాడో అటు చూడకుండానే కనిపెట్టేది. ఎలాగని ఒకసారి అడిగాను.

"అక్షరమయితే బలపం ఆగి ఆగి పోతాది. బొమ్మయితే సంతోషంగా పోతాది" అంది.

మరునాడు నేను ఆగి ఆగి ఒక బొమ్మ వేసి చూశాను. అవ్వ ఐదో తరగతికి భిన్నాలు చెబుతూనే, "దొంగముండా, ఆ పిల్లి తోక తుడుపు" అంది. నా పక్కనున్న పిల్లకు ఒళ్లు జలదరించింది. నాకూ జలదరించింది గానీ మనవరాలిని గనుక బయట పెట్టలేదు.

పందొమ్మిది వందల ఎనభై ఒకటి ఏప్రిల్లో ఆమెకు ఒక కాగితం వచ్చింది. పాతకాలపు చిన్న ట్రైనింగుతో ఉద్యోగంలో చేరిన టీచర్లు మే నెలలో తిరుపతిలో పన్నెండు రోజుల పునశ్చరణ తరగతులకు రావాలి. మొదటి వారం ఉపన్యాసాలు వినాలి. రెండో వారం ఒక్కొక్కరు అందరి ముందూ నలభై నిమిషాలు మాదిరి పాఠం చెప్పాలి. యాభైకి ఇరవై ఐదు మార్కులు వస్తే ఎవరి బడికి వాళ్లు. రాకపోతే ఏడాదిపాటు పట్నంలో పెద్ద బడిలో ఇంకొక టీచరు చేతికింద పని నేర్చుకోవాలి.

"ఏడాదే గదమ్మా" అన్నాడు మా నాయన.

మునిరామయ్య ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. "ఒక తూరి తాళం పడితే మళ్లీ తీసేదానికి ఇంకో వరదమ్మ పుట్టాల. యాడ పుడతాది? అయివారమ్మా, ఎట్లయినా ఆ మార్కులు తెచ్చుకోనే రా" అన్నాడు.

అవ్వ ఆ కాగితాన్ని ఇంకోసారి మొదటి నుంచి చదివింది.

మా అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది. నాయన పనికి పోతే ఇంట్లో నన్ను చూసుకునే మనిషి లేడు. అందుకని అవ్వ నన్నూ వెంటేసుకుని తిరుపతి బస్సెక్కింది. అప్పటికి నేను మూడో తరగతి ముగించాను.

తరగతులు ఒక హైస్కూలు హాల్లో జరిగాయి. జిల్లా నలుమూలల నుంచి నలభై రెండు మంది టీచర్లు వచ్చారు. మగవాళ్లకు ఒక గది, ఆడవాళ్లకు ఒక గది. మా పక్కన చాప వేసుకున్న ఆమె షరీఫున్నీసా, పలమనేరు టౌన్లో టీచరు. అవ్వ కంటే పదేళ్లు చిన్నది, రంగులతో బొమ్మలు గొప్పగా వేసేది. శ్రీకాళహస్తి వైపు నుంచి ఏకాంబరం అయివారని ఒకాయన వచ్చాడు. ఆయన నోరు ఊరికే ఉండదు.

పాఠం ఎలా చెప్పాలో నేర్పించే పెద్ద సారు పేరు బాలసుబ్రమణ్యం. ఉంగరాల జుట్టు, ఒత్తైన మీసం, కళ్లజోడు. మొదటి రోజే ఆయన 'పిల్లలు ఎందుకు మరిచిపోతారు' అనే సంగతి మీద ఒక గంట మాట్లాడాడు. కాగితం చూడలేదు. నీళ్లు తాగలేదు. అవ్వ బయటికి వచ్చి షరీఫున్నీసా చెయ్యి పట్టుకుంది.

"చూసినావా సెల్లీ! ఒక్క తరగతికి ఒక్కటే సంగతి, గంట సేపు! నడుమ ఒక్కరు గూడా ఒంటికి పోతామని అడగలేదే!"

"మనం పెద్దోళ్లం గదక్కా."

"అయినా సరే. నా వల్ల అవతాదా? నేను పదో నిమిషం చూసి ఎరగను."

ఆ మాట ఆమె గొప్ప కోసం అనలేదు, తనను తక్కువ చేసుకోవడానికీ అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ వారమంతా ఆ సారు చెప్పిన ప్రతి ముక్కా రాసుకుంది. పాఠానికి ముందు పిల్లల మనసును అటు తిప్పడాన్ని ఉన్ముఖీకరణ అంటారని ఆయన చెబితే, ఆ మాటను పదిసార్లు నోట్లో తిప్పి, పదకొండోసారి సరిగ్గా పలికింది. ఎంతసేపు ఏం చెప్పాలో గడులు గీసి పాఠ్యపథకం రాసింది. షరీఫున్నీసా రెండు రోజులు కూర్చుని ఆమె కోసం ఒక చార్టు వేసింది. నాలుగు దిక్కులు, నాలుగు రంగులు, నడుమ చేతులు చాచిన పిల్లవాడు. అవ్వ వంతుకు వచ్చిన పాఠం మూడో తరగతి దిక్కులు.

నడుమ ఆదివారం సెలవు వచ్చింది. తిరుపతికి వచ్చి కొండెక్కకుండా పోయే అయివారు ఉంటాడా? సోమవారం పొద్దున హాల్లో చూస్తే ఇరవై రెండు గుండ్లు, చందనం పూసి తళతళ మెరుస్తున్నాయి. హాజరు పిలిచే ఆయన ముఖాలు పోల్చుకోలేక నానా తంటాలూ పడ్డాడు. ఏకాంబరం అయివారు తన గుండు తాను నిమురుకుని, పక్కాయన గుండు కూడా నిమిరి, "ఏమప్పా, నీ ఉన్ముఖీకరణ నాదాని కంటే నున్నగా ఉండాదే" అన్నాడు.

ఆ గుండ్లలో ఒకటి బాలసుబ్రమణ్యం సారుది. కొడుక్కి జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడట. జుట్టూ మీసమూ రెండూ పోయేసరికి ఆయన కూడా ఆ ఇరవై రెండు మందిలో ఒకడైపోయాడు. పాఠం చెప్పే మనిషి బెదరకూడదని మార్కుల కాగితం ఒడిలో పెట్టుకుని, చివరి వరసలో టీచర్ల నడుమ కూర్చునే అలవాటు ఆయనది. ఆ రోజు మొదటి పాఠం అవ్వదే, అప్పుడూ అలాగే కూర్చున్నాడు. అవ్వ పోల్చుకోలేదు.

వేసవి సెలవులు కాబట్టి పాఠానికి పిల్లలు లేరు. బంట్రోతు చుట్టుపక్కల వీధుల నుంచి బెల్లం బొరుగుల ఉండలు ఇస్తామని ముప్పై మందిని పోగు చేశాడు. అందరూ మూడో తరగతి వాళ్లే. నన్నూ అందులో కూర్చోబెట్టారు.

అవ్వ వచ్చి నిలబడింది. ముప్పై మంది పిల్లలు, ఒకే తరగతి, ఒకే వైపు ముఖం, చప్పుడు లేదు. ఇరవై నాలుగేళ్లలో ఆమె అలాంటిది చూడలేదు. రెండు క్షణాలు అటూ ఇటూ చూసింది, ఎక్కడో ఏదో పోగొట్టుకున్నట్టు. తరువాత అడిగింది.

"కొండ యాడుండాది?"

ముప్పై చేతులు ఒకేసారి లేచాయి. తిరుపతి పిల్లలకు అది తెలియకపోవడమేమిటి?

"అదే ఉత్తరం. ఇంక దానికి వీపు చూపించి నిలబడండి."

అందరూ తిరిగారు. ఒక పిల్లవాడు తిరగలేదు. "నేను తిరగను టీచర్. స్వామికి వీపు సూపించకూడదు, మా అవ్వ సెప్పింది" అన్నాడు.

ఇలాంటి అడ్డు పాఠ్యపథకంలో ఏ గడిలోనూ లేదు.

"మీ అవ్వ చెప్పింది నిజమే నాయనా. నువ్వు అట్లే ఉండు. ఇప్పుడు నీ వీపు ఏ పక్కకుండాది?"

వాడు వెనక్కి వేలు చూపించాడు.

"అదే దక్షిణం. కుడిచెయ్యి చాపు, తూర్పు. ఎడమచెయ్యి చాపు, పడమర. మిగతా వాళ్లంతా ఈ పిల్లోణ్ణి చూసి మళ్లీ కొండ వైపు తిరగండి."

అంతే. అందరం తిరిగాం, చేతులు చాచాం, బస్టాండు ఏ దిక్కో, రైలు స్టేషను ఏ దిక్కో, ఎవరి ఇల్లు ఏ దిక్కో చెప్పాం. "పలకల మీద మీ వీధి గీసి ఉత్తరం గుర్తు పెట్టండి" అని పని అప్పగించింది. ఎనిమిది నిమిషాలు అయ్యాయి. పాఠం అయిపోయింది.

అప్పుడు అవ్వ మెడ దానంతట అదే తిరిగింది.

మా బడిలో రెండో తరగతి ఉండే చోట ఇక్కడ మూడు వరసల టీచర్లు ఉన్నారు. అవ్వ వాళ్లను చూసింది. చూసింది గానీ చూడలేదు. "ఏం, రెండో తరగతి నోళ్లు మూసుకోని కూసోనుండారు? ఎక్కాలు యాడిదాకా వచ్చినాయి?" అంది.

ఏకాంబరం అయివారు లేచి చేతులు కట్టుకుని, "పదహారు దాకా వచ్చినాయి టీచర్" అన్నాడు.

"అయితే పదిహేడు చెప్పండి. గట్టిగా."

ఇదొక్కటి నాకు ఈనాటికీ అర్థం కాదు. నలభై, యాభై ఏళ్ల మనుషులు, మనవళ్లను ఎత్తినవాళ్లు, గుండ్లకు చందనం పూసుకున్నవాళ్లు, అందరూ లేచి నిలబడి పదిహేడో ఎక్కం మొదలుపెట్టారు. ఒకరు కూడా నవ్వలేదు. ఆ గొంతు విన్నాక చెప్పకుండా ఉండటం ఎవరి వల్లా కాలేదు. అవ్వ ఇటు తిరిగి మా పలకలు చూస్తూ ఉంది. ఒక పిల్ల ఉత్తరాన్ని వంకరగా పెడితే దిద్దింది. వెనకాల హోరు. దిద్దుతూనే, వంగిన నడుము ఎత్తకుండానే, "కడా వరసలో ఎడమ పక్క ఎవురో పదిహేడేడ్లు నూటా పదిహేడన్నారు" అంది.

ఎక్కం ఆగిపోయింది. అవ్వ తిరిగి వేలు చూపించింది. "నువ్వే నాయనా. కళ్లజోడు గుండు. ఇంకో తూరి చెప్పు."

కళ్లజోడు గుండు గొంతు సవరించుకున్నాడు. "పదిహేడేడ్లు నూట పంతొమ్మిది."

గుంపులో కలిసినంతసేపు తెలియలేదు గానీ, ఒంటరిగా వినేసరికి ఆ గొంతు తెలిసిపోయింది. వారం రోజులు రాసుకున్న గొంతు. అవ్వ చేతిలో సుద్దముక్క కిందపడింది.

"సార్..." అంది. ఆయన గుండు వైపు చూసి, "మీ జుట్టు యాడ సార్?" అంది.

"కొండమీద ఇచ్చి వచ్చానమ్మా" అన్నాడాయన.

అప్పుడు పేలింది హాలు. పిల్లలు పలకలు కొట్టారు. ఏకాంబరం అయివారు బెంచీ పట్టుకుని కూలబడ్డాడు. బాలసుబ్రమణ్యం సారు మాత్రం గడియారం చూసుకుని, "ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. పాఠం కానివ్వండమ్మా" అన్నాడు.

అవ్వ దగ్గర ఇంక పాఠం లేదు. "అయిపోయింది సార్" అంది.

మధ్యాహ్నం గోడకు మార్కులు అంటించారు. వరదమ్మ, ఇరవై. సమయ విభజనకు సున్నా. బోధనోపకరణాలకు, అంటే చార్టులూ బొమ్మలూ చూపించడానికి, ఇంకో సున్నా. షరీఫున్నీసా వేసిన చార్టు చుట్ట చుట్టినట్టే గోడకు ఆనించి ఉండిపోయింది.

"రెండు దినాలు కూసోని రంగులేసినానే అక్కా! ఒక్క తూరి విప్పి చూపించి ఉంటే అయిదు మార్కులు వచ్చి ఉండునే! ఇరవై అయిదు అయిపోయి ఉండునే!"

"కొండ అంత పెద్దగా కనపడతా ఉంటే చార్టు యాడ గుర్తొస్తాది సెల్లీ" అంది అవ్వ. తరువాత నెమ్మదిగా, "మెడ నేను తిప్పలేదు. అదే తిరిగింది" అంది. కాసేపటికి, "బడి పోయింది" అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వరండాలో కూర్చుని నా చేతికి నోట్ బుక్కు ఇచ్చి, "రాయి" అంది. నేను రాశాను. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టింది. మునిరత్నమ్మ మనవడు 'ణ' రాసేటప్పుడు ఒక సున్న ఎక్కువ చుడతాడు, కోప్పడితే మూడు రోజులు బడికి రాడు. కుప్పుస్వామికి ఆరో ఎక్కంలో ఎనిమిది దగ్గర కాలు జారుతుంది. గురవమ్మ కూతురికి నల్లబల్ల కనపడదు గానీ కనపడుతుందని అబద్ధం చెబుతుంది, ముందు కూర్చోబెట్టాలి. ఐదో తరగతి ఆదిలక్ష్మి భాగహారం చేసేస్తుంది, ఇంక దానికి పని లేకపోతే పక్కవాళ్లను గిల్లుతుంది, అందుకని దానికి ఒకటో తరగతిని అప్పగించాలి. అలా నలభై ఆరుగురు. పుస్తకం లేదు, ఎదురుగా పిల్లలు లేరు, నడుమ ఆగిందీ లేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది. నేను రాసిన దాంట్లో తప్పులుంటే ఆ బలపం చెవే పెన్సిలు చప్పుడును కూడా పట్టేసేది. "ఆడ కొమ్ము ఇయ్యలేదు" అనేది, చూడకుండానే.

నలభై ఆరో పేరు రాసేసరికి మా వెనక ఎవరో నిలబడి ఉన్నారు. బాలసుబ్రమణ్యం సారు. అవ్వ గబుక్కున లేచింది.

"ఏమిటమ్మా ఇది?"

"నా తర్వాత ఎవురన్నా వస్తే ఇయ్యాల గదా సార్. ఏ పిల్ల యాడ ఆగినాదో తెలవకపోతే మళ్లీ మొదటి నుంచి అందరికీ 'అ' కాడనుంచి చెబుతారు. పిల్లోళ్లకు ఒక ఏడాది పాడయిపోతాది."

ఆయన నోట్ బుక్కు తీసుకుని నిలబడే చదివాడు. నాలుగు పేజీలు. నా చేతిరాత చదవడమంటే మాటలు కాదు, అందులోనే ఆయన ఓపిక తెలుస్తుంది. చదివి, ఇంకోసారి వెనక్కి తిప్పి చదివాడు.

"మీ బడిలో పాఠం ఎలా చెబుతారో అలాగే చెప్పగలరా ఇక్కడ? రేపు సాయంత్రం నాలుగు గంటలకు ఐదు తరగతుల పిల్లలనూ తెప్పిస్తాను. రెండో అవకాశం ఇవ్వడం నా చేతుల్లో ఉంది. మార్కులు మాత్రం కాగితంలో ఉన్న గడుల ప్రకారమే వేస్తాను."

"అట్లే వేయండి సార్" అంది అవ్వ. ఆయన నాలుగు అడుగులు వేశాక, "సార్, ఆ ఎక్కం సంగతి..." అంది.

"తప్పు నాదే. మీరు దిద్దారు" అన్నాడు.

మరునాడు నాలుగు గంటలకు బంట్రోతు ముప్పై ఎనిమిది మందిని తెచ్చాడు. వాళ్లలో సగం మందికి ముక్కు కారుతోంది, ఇద్దరు తమ్ముళ్లను చంకనెత్తుకుని వచ్చారు. మిగిలిన నలభై ఒక్క టీచర్లు గోడల వెంట నిలబడ్డారు, కొందరు కిటికీలెక్కి కూర్చున్నారు. అవ్వ ఒకసారి వరసగా నడుస్తూ ప్రతి పిల్లనూ పేరు అడిగింది. ఒక్కసారే. తరువాత ఐదు తరగతులను ఐదు వైపులకు కూర్చోబెట్టింది. రెండో తరగతికి ఎక్కాలు ఎత్తించింది. గడియారం మొదలైంది.

నేను మూడో తరగతిలో కూర్చుని ఉన్నాను. మా బడిలో రోజూ చూసేదే. రోజూ చూసేదాన్ని ఎవరూ చూడరు. ఆ రోజు నలభై ఒక్క మంది నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, వాళ్ల ముఖాల్లో నుంచి నేనూ మొదటిసారి చూశాను. ఆమె ఒకటో తరగతికి 'ఇ' దిద్దించి వదిలేసరికి ఎక్కం పదికి వచ్చింది. మా దగ్గర దిక్కులు మొదలుపెట్టి ముగించేసరికి మళ్లీ పదికి వచ్చింది. పరుగు లేదు, అరుపు లేదు. నాలుగో తరగతికి కథ చదివిస్తూ, చెయ్యి వెనక్కి చాచి ఒకటో తరగతి పిల్ల పలకను తిప్పి పట్టించింది. ఐదో తరగతికి ఊరి పటం గీయడానికి పెద్ద కాగితం కావాలంటే, గోడకు ఆనించి ఉన్న చుట్ట తీసి, విప్పి, వెనక తెల్లటి వైపు నేలమీద పరిచి ఇచ్చింది. అది షరీఫున్నీసా చార్టు. షరీఫున్నీసా నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరి పేరు కూడా ఆమె రెండోసారి అడగలేదు.

నాలుగో తరగతి కథ నడుమలో ఉండగా, ఒకటో తరగతికి వీపు పెట్టి ఉన్న అవ్వ, "మస్తానూ, బస్సు బాగా వచ్చినాది గానీ ముందు 'ఇ' రాయి నాయనా" అంది.

కిటికీలో ఉన్న ఏకాంబరం అయివారు దూకి వచ్చి ఆ పిల్లవాడి పలక ఎత్తి అందరికీ చూపించాడు. బస్సు. రెండు చక్రాలు, ఆరు కిటికీలు, వెనక వేలాడుతూ ఒక మనిషి.

"యా అల్లా" అంది షరీఫున్నీసా. వారం నుంచి ఊరుకోని ఏకాంబరం అయివారి నోరు మొదటిసారి మూతపడింది. ఆయన పలకను రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినట్టు, ఆ పిల్లవాడికి తిరిగి ఇచ్చాడు.

బాలసుబ్రమణ్యం సారు వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. కాదు, తల ఒక పక్కకు వంచి, ఆ హోరులో బలపం చప్పుడు తనకూ వినిపిస్తుందేమోనని చూస్తున్నాడు. వినిపించలేదని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

నలభై నిమిషాలకు ఐదు తరగతుల పాఠాలూ ఒకేసారి ముగిశాయి. పిల్లలు బొరుగుల ఉండల కోసం పరుగెత్తారు. బాలసుబ్రమణ్యం సారు అవ్వ దగ్గరికి వచ్చాడు.

"బొమ్మ అని తెలుసుకున్నారు, సరే. బస్సని ఎలా తెలిసిందమ్మా?"

"గుండ్రంగా రెండు తూర్లు తిరిగినాది, అడ్డంగా ఒక పొడుగు గీత. ఏనుగయితే నాలుగు కాళ్లు గీయాల గదా సార్" అంది అవ్వ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. తరువాత ఆమె అడిగింది. "మీరు ఒక్క తరగతికి ఒక్కటే సంగతి గంట సేపు ఎట్ల చెబుతారు సార్? నేను వారం దినాలుగా చూస్తా ఉండాను, నాకు పట్టు చిక్కలేదు."

"నాకెప్పుడూ ఒక్క తరగతే ఇచ్చారమ్మా" అన్నాడాయన.

మార్కులు ఆ సాయంత్రమే వేశాడు. ముప్పై ఒకటి.

నేను ఊరుకోలేదు. నాకు తొమ్మిదేళ్లు, నాలుక పొడుగు. "అంతేనా సార్? ఇందరు నోరెళ్లబెట్టి చూశారే!" అన్నాను.

ఆయన కోప్పడలేదు. మార్కుల కాగితం నా ముందు పెట్టి వేలితో చూపించాడు. "చార్టును వెనక్కి తిప్పి పరిచింది, అక్కడ సున్నా. పాఠ్యపథకం చూడలేదు, అక్కడ ఒకటి. ఈ కాగితంలో చెవులకు గడి లేదమ్మా. ఉంటే యాభై నేనే వేసేవాణ్ణి."

"ముప్పై ఒకటి చాలదా?" అని అవ్వ నా నెత్తిన మొట్టింది. "సార్, అయితే జూన్లో నా బడికి నేనే పోవచ్చు గదా?"

"మీరే పోవాలి."

అవ్వ ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. షరీఫున్నీసా ఆమెను పట్టుకుని, "నా చార్టును నేలమీద పరిచినందుకు ఏడవాల్సింది నేను గదక్కా" అంది. ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు.

తరగతులు ముగిశాక ఊరికి వచ్చాం. వంక దగ్గరే మునిరామయ్య ఎదురయ్యాడు. ఎప్పటి నుంచి కాచుకుని ఉన్నాడో తెలియదు, తలగుడ్డ చెమటకు తడిసిపోయి ఉంది.

"ఏమాయె అయివారమ్మా?"

"పాసు. ముప్పై ఒకటి."

"ఎన్నిటికి?"

"యాభైకి."

ఆయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "బడి నిలిసింది, అది సాలు. అయితే అయివారమ్మా, ఆ తక్కిన పందొమ్మిది యాడ పోయినాయి?"

ఆ పందొమ్మిది మార్కుల మీద ఊళ్లో నెల రోజులు పంచాయితీ నడిచింది. తప్పు అవ్వది కాదని అందరూ ఒప్పుకున్నారు. మరి ఎవరిదని తేలలేదు. నేను బస్సు బొమ్మ సంగతి ఇంటింటికీ పోయి చెప్పాను. ఎవరికీ వింతగా తోచలేదు. "అయివారమ్మకు అది తెలవదా ఏంది?" అన్నారు. చివరికి కుప్పుస్వామి తల్లి మునిలక్ష్మి తేల్చింది. బడి తెరిచిన రోజు కొడుకును దింపడానికి వచ్చి, వాకిట్లో నిలబడి, బుగ్గన వేలు పెట్టుకుని, "మా అయివారమ్మకే ముప్పై ఒకటి ఏసినారంటే, ఆ తిరుపతి సార్లు ఎంత గట్టోళ్లో సూడండి!" అంది.

అవ్వ లోపల ఒకటో తరగతిని కూర్చోబెడుతూ ఆ మాట విని, "గట్టోళ్లే" అంది, మనస్ఫూర్తిగా.

నేను తొమ్మిదో తరగతితోనే చదువు ఆపేసినదాన్ని, నా మాటకు విలువ లేదు. అయినా ఆ ఒక్క మాటకు మాత్రం నాకు ఈనాటికీ అవ్వ మీద కోపమే.